సెల్లార్లో పడున్న పాత సైకిళ్లను మళ్లీ రోడ్డెక్కించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నిజాంపేట నుంచి మీరడిగింది క్లుప్తంగా ఇదీ: మీ గేటెడ్ కమ్యూనిటీ సెల్లార్లో నలభై దాకా సైకిళ్లు దుమ్ముకొట్టుకుని పడున్నాయి. వాటిని బాగు చేయించి అవసరమున్నవాళ్లకు ఇవ్వాలని, పనిలో పనిగా కాలనీలో సైకిల్ తొక్కే అలవాటు పెంచాలని మీరు నలుగురు అనుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత ఖర్చవుతుంది, ఎవరికివ్వాలి అన్నది ప్రశ్న.

కొన్నేళ్లుగా మా ఏరియాలో ఇదే పని చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

సైకిళ్లు పోగవడం కష్టం కాదు. వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే వారం తిరక్కుండా చోటు చాలదు. ఇచ్చిన సైకిల్ ఆర్నెల్ల తర్వాత కూడా తిరుగుతూ ఉండటమే కష్టం. అందుకని మీ డబ్బూ, టైమూ సేకరణ మీద కాకుండా మెకానిక్ మీద పెట్టండి. నా మాటల్లో ఇదొక్కటి గుర్తుంచుకున్నా చాలు.

అయితే పానా పట్టుకునే ముందు, ఏ సైకిల్ ఎవరిదో తేల్చుకోవాలి. దుమ్ము పట్టిన ప్రతి సైకిలూ అక్కర్లేనిది కాదు. అమెరికా వెళ్లిన కొడుకు సైకిల్‌ని అలాగే దాచుకున్న తల్లిదండ్రులుంటారు. ఫ్లాట్ అద్దెకిచ్చి వేరే ఊళ్లో ఉంటున్న ఓనర్ల సామానుంటుంది. అసోసియేషన్ పేరుతో నోటీసు అంటించి, గ్రూపులో కూడా పెట్టి, నెల రోజులు గడువివ్వండి. ప్రతి సైకిల్‌కీ ఒక అట్టముక్క కట్టి నంబరు వేయండి. ఇచ్చేవాళ్ల దగ్గర "ఈ సైకిల్ నాదే, ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను" అని సంతకం, ఫ్లాట్ నంబరుతో చీటీ తీసుకోండి. అందులో ఫ్రేమ్ నంబరు కూడా రాయండి. చాలా సైకిళ్లకు అది పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అడుగున కొట్టి ఉంటుంది. సైకిల్ తిరగేసి గుడ్డతో తుడిస్తే కనిపిస్తుంది.

బయటివాళ్లు తెచ్చిచ్చే సైకిళ్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం. దొంగసొత్తని తెలిసీ, లేదా అలా అనుమానించడానికి కారణం ఉండీ దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరమవుతుంది. మీకు దురుద్దేశం లేదని చూపించేది ఆ చీటీయే. ఇంకో సంగతి కూడా ఉంది. వాచ్‌మన్ కొడుకు మంచి సైకిల్ మీద కనిపిస్తే "ఎక్కడిదిరా ఇది" అని ఆపేవాళ్లు మన సిటీలో తక్కువేం కాదు. ఇచ్చేటప్పుడు సైకిల్ ఫొటో, ఫ్రేమ్ నంబరు, మీ అసోసియేషన్ స్టాంపుతో చిన్న కార్డు చేతికివ్వండి. ఆ పిల్లాడికి అది చాలా ధైర్యం.

ఇక మెకానిక్ సంగతి. మీ చుట్టుపక్కల బాచుపల్లి, ప్రగతినగర్, కూకట్‌పల్లి వైపు పంక్చర్ షాపుల్లో వాకబు చేయండి. ఒకప్పుడు సైకిళ్లు చేసి, గిరాకీ తగ్గాక మోటార్ సైకిళ్ల పంక్చర్ల మీదికి మళ్లిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చక్రం చేత్తో ఒకసారి తిప్పి, ఎక్కడ ఎన్ని పుల్లలు వదులయ్యాయో చెప్పేయగలిగిన ఉస్తాద్‌లు వాళ్లు. అలాంటి ఒకరిని పట్టుకుని, సైకిల్‌కి ఇంత కూలి, పార్టుల ఖర్చు వేరే అని మాట్లాడుకోండి. ఆయన షాపు ఖాళీగా ఉండే మధ్యాహ్నం పూట రమ్మనండి. సేవ కదా అని కూలి తగ్గించమని మాత్రం అడగకండి. మీకది సేవ, ఆయనకది బతుకుతెరువు. పైగా రేపు ఆ సైకిల్ ఆగిపోతే వెళ్లేది ఆయన దగ్గరికే.

వాలంటీర్లకు పని లేకుండా పోదు. కడగడం, తుప్పు గీకడం, చైను కిరోసిన్‌లో నానబెట్టడం, పంక్చర్లు వేయడం, పనికిరాని సైకిల్ నుంచి పార్టులు విప్పి డబ్బాల్లో సర్దడం అన్నీ వాళ్లే చేయొచ్చు. బ్రేకులు, వీల్ బెండు తీయడం, హ్యాండిల్ కప్పులు, బేరింగులు మాత్రం మెకానిక్ చేతి మీదుగానే వెళ్లాలి. చివర్లో ఆయనే ఎక్కి ఒక రౌండు వేసి ఓకే అనాలి. మంచి మనసున్నా బ్రేకు సరిగ్గా బిగించడం రానివాళ్ల చేత బిగించిన సైకిల్ ఒక పిల్లకి ఇవ్వకూడదు. ఈ విషయంలో ఎవరి మొహమాటానికీ పోకండి.

మీ వాలంటీర్లకు మొదటి రోజే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఎడమ పెడల్ మర అన్నిట్లా ఉండదు, తిరకాసు మర. కుడి పెడల్ మామూలుగానే విప్పుతాం, ఎడమది గడియారం ముళ్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. తెలియక బలంగా తిప్పితే క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) మర పోతుంది, వంద రూపాయల్లో అయ్యే పనికి క్రాంక్ మార్చాల్సి వస్తుంది.

ఇప్పుడు ఏది బాగు చేయాలి, ఏది విప్పేయాలి అన్న లెక్క. మన అపార్ట్‌మెంట్లలో దొరికేవి దాదాపు నాలుగు రకాలు. పిల్లలకి చిన్నవైపోయిన 14, 16, 20 అంగుళాల సైకిళ్లు. పెద్దపిల్లల 24, 26 సింగిల్ స్పీడ్‌లు. లాక్‌డౌన్ రోజుల్లో కొని, తర్వాత పక్కన పెట్టేసిన గేర్ సైకిళ్లు. ఎక్కడో ఒకటీ అరా పాత నల్ల సైకిల్. ఈ నల్ల సైకిల్ దొరికితే అదృష్టం అనుకోండి. బరువెక్కువే గానీ దాని పార్టులన్నీ ఇప్పటికీ చవకగా దొరుకుతాయి, సిలిండరు కట్టుకెళ్లినా తట్టుకుంటుంది.

ముందు ఫ్రేమ్, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ చూడండి. హ్యాండిల్ గొట్టం దగ్గర, కింద ఇరుసు గొట్టం దగ్గర అతుకుల చుట్టూ పెయింట్ పగిలి గీతలా కనిపిస్తే అది ఇనుముకి పగులు కావచ్చు. వెల్డింగ్ పెట్టించి ఇవ్వొద్దు, పార్టులకి వాడుకోండి. ఫోర్క్ వెనక్కి వంగి ఉంటే ఎప్పుడో గుద్దుకుందని అర్థం. తర్వాత చక్రాలు ఎత్తి తిప్పండి. వానల్లో సెల్లార్లోకి నీళ్లు చేరిన అపార్ట్‌మెంట్ అయితే చక్రాల మధ్య ఉండే హబ్బుల్లో, కింద ఇరుసులో గోలీలు తుప్పు పట్టి గరగరమంటాయి. అది భయపడాల్సినదేం కాదు. ముందు హబ్బులో సాధారణంగా 3/16 అంగుళం గోలీలు, వెనక హబ్బులో, కింద ఇరుసులో పావు అంగుళంవి వేస్తారు. కొత్తవి వేసి గ్రీజు పెడితే మళ్లీ మెత్తగా తిరుగుతాయి. గోలీలు కూర్చునే కప్పుకి గుంటలు పడితేనే ఖర్చు పెరుగుతుంది.

టైర్లు చాలామందిని మోసం చేస్తాయి. గాలి కొడితే నిలబడింది కదా అనుకుంటారు. ఎండలోనో, గాలి లేకుండా బరువు మీదో ఏళ్ల తరబడి నిలబడిన టైరు పక్క గోడలు సన్నగా పగులుతాయి. వేలితో వంచి చూస్తే పగుళ్లు తెరుచుకుంటాయి. అలాంటిది మే నెల ఎండకి రోడ్డు మీద పేలుతుంది. కాబట్టి పగిలిన టైరు ఎంత బాగా కనిపించినా మార్చాల్సిందే.

టైర్లు కొనేటప్పుడు అంకెలు చదివి కొనండి. 26 అంటే అన్నీ ఒకటి కావు. లేడీస్ సైకిళ్లకు, సన్న టైర్ల సైకిళ్లకు వచ్చే 26×1⅜ రిమ్ము వ్యాసం 590 మిల్లీమీటర్లు. ఎమ్‌టీబీలకు (లావు టైర్ల మౌంటెన్ బైకులకు) వచ్చే 26×1.95, 26×2.1 లాంటివి 559. ఒకదానిది ఇంకొకదానికి ఎక్కదు. టైరు పక్కన 37-590, 50-559 అన్నట్టు రెండు అంకెలుంటాయి, రెండోది చూసుకోండి. నల్ల సైకిల్‌ది 28×1½, అంటే 635. ఇవన్నీ ఒక పుస్తకంలో సైజుల వారీగా రాసుకుని గౌలిగూడ, కోఠి వైపు హోల్‌సేల్ షాపుల్లో ఒకేసారి తెచ్చుకుంటే విడిగా కొన్నదానికన్నా బాగా కలిసొస్తుంది. పాత సీట్లు, స్టాండ్లు, క్యారియర్లు కావాలంటే గురువారం జుమ్మెరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత కూడా ఒకసారి చూడండి. అయితే అక్కడ పూర్తి సైకిల్ కొనకండి. పైన చెప్పిన చీటీ అక్కడ ఎవరూ ఇవ్వరు.

గేర్ సైకిళ్ల గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. చవక రకం గేర్ సైకిల్‌ని గేర్లతో బాగు చేసి పనివాళ్లకి ఇవ్వకండి. రెండు నెలల్లో డెరైలర్ (చైనుని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం) వంగుతుంది, కేబుల్ బిగుస్తుంది, పక్క షాపులో బాగు చేసేవాళ్లు దొరకరు. సైకిల్ మళ్లీ మూలకి చేరుతుంది. సింగిల్ స్పీడ్‌గా మార్చేయండి. చవక సైకిళ్లలో వెనక గేర్ల గుత్తి హబ్బు మీద మరతోనే బిగుస్తుంది కాబట్టి, అదే మరకి మామూలు ఫ్రీవీల్ (ఒంటి పళ్ల చక్రం) ఎక్కుతుంది. వెనక ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా ఉంటే చక్రం వెనక్కి లాగి చైను బిగించుకోవచ్చు. నిలువుగా ఉంటే కుదరదు, చైను బిగువు కోసం విడిగా టెన్షనర్ పెట్టాలి, లేదా ఆ సైకిల్‌ని గేర్లు వాడటం తెలిసిన కాలేజీ పిల్లలకి కేటాయించాలి. చైను ముందు పళ్ల చక్రానికీ వెనక ఫ్రీవీల్‌కీ తిన్నగా ఉందో లేదో మెకానిక్ చేత సరిచేయించండి, లేకపోతే జారిపోతూ ఉంటుంది.

ఖర్చు అడిగారు. షాపుకో రేటు కాబట్టి సైకిల్‌కి ఇంత అని చెప్పడం కన్నా పరిమితి పెట్టుకోవడం మేలు. అదే రకం కొత్త సైకిల్ ధరలో మూడో వంతు దాటితే బాగు చేయకుండా పార్టులకి విప్పేస్తాం, ఇది మేము పాటించే లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి, కొత్తదాని ధర పాత బిల్లు చూసి కాకుండా ఇప్పటి రేటు చూసి లెక్కేసుకోండి. సాధారణంగా ఖర్చంతా టైర్లు, ట్యూబుల్లోనే పోతుంది. చైను, బ్రేక్ షూలు, కేబుళ్లు పెద్ద ఖర్చు కావు. నలభైలో సగం బాగుపడితే మంచి ఫలితమే. మిగతా సగం ఈ సగానికి స్టాండ్లుగా, సీట్లుగా, నట్లుగా పనికొస్తుంది. చివరికి మిగిలిన ఇనుము పాత ఇనుప సామాన్ల షాపుకి వేసి, వచ్చిన డబ్బు ట్యూబులకి వాడండి. పాత టైర్లు మాత్రం ఎవరికీ మంట వేసుకోవడానికి ఇవ్వకండి. చలికాలం రాత్రుళ్లు సెక్యూరిటీవాళ్లు అడుగుతారు. ఆ పొగ పీల్చేదీ వాళ్లే.

డబ్బు విషయంలో, మొదటి ఏడాది సొసైటీ రిజిస్ట్రేషన్ జోలికి వెళ్లకుండా అసోసియేషన్ ఖాతాలోనే విడిగా పద్దు పెట్టుకుంటే చాలు. తర్వాత రిజిస్టర్ చేయాలనుకుంటే 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఎవరైనా సైకిల్ ఇచ్చి ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు అడిగితే ఆ మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చే విరాళాలకే గానీ వస్తువులకు రాదని మర్యాదగా చెప్పండి. నగదైనా 2,000 రూపాయలు దాటితే వర్తించదు.

ఎవరికివ్వాలన్నదాని గురించి కాస్త ఆగి ఆలోచించండి. "పేదవాళ్లకి" అంటే సరిపోదు. రేపు పొద్దున్నే ఈ సైకిల్ ఎక్కి ఎక్కడికి వెళ్తారు అని అడగండి. స్పష్టమైన జవాబు ఉన్నవాళ్లకి ముందివ్వండి. రాత్రి డ్యూటీ దిగేసరికి బస్సు దొరకని సెక్యూరిటీ గార్డు, తెల్లవారకముందే పేపర్లు, పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు, సైట్ నుంచి సైట్‌కి డబ్బాలు మోసుకెళ్లే పెయింటరు, మూడు అపార్ట్‌మెంట్లలో పని చేసే అక్క. ఆడవాళ్లకి 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ సిటీ బస్సు ఉచితమే. కానీ బస్సు మెయిన్ రోడ్డు దాకానే వస్తుంది. అక్కడి నుంచి లోపలికి రెండు కిలోమీటర్లు నడకో, షేర్ ఆటోనో. ఆ రెండు కిలోమీటర్ల కోసమే సైకిల్.

గవర్నమెంట్ స్కూల్లో ఎనిమిది, తొమ్మిది, పది చదివే ఆడపిల్లల్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. బిహార్‌లో 2006 నుంచి హైస్కూల్ ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్లిచ్చింది. ఆ పథకం వల్ల తగిన వయసులో హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందని తర్వాత జరిగిన పరిశోధన తేల్చింది. అది పల్లెల మాట, మన బస్తీల్లో దూరాలు తక్కువ. అయినా చీకటి పడ్డాక ట్యూషన్ నుంచి ఒంటరిగా నడిచి రావాల్సిన పిల్లకి సైకిల్ ఎంత తేడా తెస్తుందో మేము కళ్లారా చూశాం. హెడ్‌మాస్టర్‌తో మాట్లాడి, పేర్లు ఆయన చేతే ఇప్పించండి. స్కూళ్లు తెరిచే జూన్ రెండో వారానికి సైకిళ్లు సిద్ధం కావాలంటే రిపేర్లు ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి.

చిన్నపిల్లల సైకిళ్లకి వేరే పద్ధతి. మీ దగ్గర పోగయ్యేవాటిలో ఎక్కువ ఇవే ఉంటాయి. వీటిని శాశ్వతంగా ఇవ్వకండి, మార్పిడి పెట్టండి. 16 అంగుళాలది చిన్నదైపోతే తెచ్చిచ్చి 20 తీసుకెళ్తారు, తర్వాత 24. ఫ్లాట్లలోని పిల్లలూ, వాచ్‌మన్ పిల్లలూ, పక్క బస్తీ పిల్లలూ ఒకే వరుసలో నిలబడి మార్చుకోవాలి. దానం అన్న భావమే రాదు, కొత్తవి కొనడం తగ్గుతుంది, సెల్లార్ మళ్లీ నిండదు. కాలనీలో సైకిల్ అలవాటు పెంచడం గురించి అడిగారు కదా, నాకు తెలిసి అన్నిటికన్నా బాగా పనిచేసేది ఇదే.

బయటి దేశాల్లో రెండు పద్ధతులు గమనించదగ్గవి. బోస్టన్‌లో 1984లో మొదలైన బైక్స్ నాట్ బాంబ్స్ సంస్థలో పిల్లలు పాత సైకిల్ బాగు చేయడం నేర్చుకుని, చివరికి ఒకటి సొంతం చేసుకుంటారు. మీ దగ్గర పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలతో వేసవి సెలవుల్లో ఇది చక్కగా సాగుతుంది, ఉస్తాద్‌కి కూడా శిష్యులు దొరుకుతారు. లండన్‌లో 2013లో మొదలైన ద బైక్ ప్రాజెక్ట్ వాళ్లు పాత సైకిళ్లు బాగు చేసి శరణార్థులకు ఇస్తారు, సైకిల్‌తో పాటు తాళం, లైట్లు, హెల్మెట్ కూడా ఇస్తారు. ఆ తాళం సంగతి మన దగ్గర ఇంకా ముఖ్యం. తాళం లేకుండా ఇచ్చిన సైకిల్ వారంలో పోవచ్చు. వెనక ఎర్ర రిఫ్లెక్టరు, బెల్లు, చిన్న గాలిపంపు కూడా కలిపి ఇవ్వండి.

పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, సైకిల్ రాదని సిగ్గుపడేవాళ్లు మీరనుకున్నదానికన్నా ఎక్కువమంది ఉంటారు. ఆదివారం పొద్దున్నే కమ్యూనిటీ లోపలి రోడ్డు మీదే నేర్పించండి. పెడళ్లు రెండూ విప్పేసి, రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేలా సీటు దించండి. కాళ్లతో నేలని తోసుకుంటూ వెళ్లడం ముందు అలవాటైతే బ్యాలెన్స్ అదే వస్తుంది, వెనక ఎవరూ పట్టుకుని పరిగెత్తక్కర్లేదు. పెడళ్లు తర్వాత బిగించండి. చీర, చున్నీ కట్టుకునేవాళ్ల కోసం చైన్ కవరు, శారీ గార్డు ఉన్న సైకిల్ ఒకటి విడిగా ఉంచండి.

రోడ్ల మాట కూడా చెప్పాలి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ 2023 అక్టోబరు 1న మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఒక భాగం. సెలవు రోజు తొక్కడానికి చాలా బాగుంటుంది, మీ పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. కానీ మీరు సైకిల్ ఇచ్చిన గార్డు తిరిగేది నిజాంపేట, మియాపూర్ మధ్య ట్రాఫిక్‌లో. కాబట్టి ఇచ్చే రోజున అతనితో కూర్చుని దారి మాట్లాడండి. ఫ్లైఓవర్ ఎక్కకుండా కింద నుంచి వెళ్లే దారి, కాలనీల లోపలి రోడ్లు, ఎక్కడ లైట్లు లేవు, ఎక్కడ వానకి గుంటలు నిండి లోతు తెలియదు. మూడు కిలోమీటర్ల లోపు పనికి నిదానంగా తొక్కినా పావుగంట. మీ ఫ్లాట్లవాళ్లకి కూడా అంతవరకే చెప్పండి: కూరగాయలు, మెడికల్ షాపు, పిల్లల ట్యూషన్. రోజూ ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్లమని మొదలుపెడితే ఎవరూ రారు.

ఇచ్చాక చేసే పని గురించి మొదట్లో అన్నాను. ప్రతి సైకిల్‌తో మూడు చీటీలు ఇవ్వండి. ఒక్కో చీటీకి ఆ ఉస్తాద్ షాపులో ఒక రిపేరు ఉచితం, డబ్బు ప్రాజెక్టు కడుతుంది. పంక్చర్ అయిన రోజు జేబులో డబ్బుల్లేక గోడకి ఆనించిన సైకిల్, మళ్లీ కదలడం చాలా కష్టం. ఈ మూడు చీటీలు దాన్ని ఆపుతాయి. వాడకం మానేస్తే తిరిగి తెచ్చివ్వమని ముందే చెప్పండి. ఎవరైనా అమ్ముకున్నారని తెలిస్తే గొడవ చేయకండి, ఆ వారం ఇంట్లో ఏం అవసరం వచ్చిందో మనకి తెలియదు. వానలు తగ్గాక అక్టోబరులో ఒక ఆదివారం అందర్నీ సైకిళ్లతో రమ్మని గ్రీజు, బ్రేకులు చూపించండి.

మొదటి విడతకి పది సైకిళ్లకి మించి ముట్టుకోవద్దు. అన్నిటికన్నా బాగున్న పది ఎంచుకోండి, మెకానిక్‌తో రేటు మాట్లాడండి, ఇచ్చే పదిమందినీ ముందే గుర్తించండి. మిగతా ముప్ఫై అప్పటిదాకా గాలి కొట్టి, కవరు కప్పి ఉంచండి. ఆ పదీ మూడు నెలలు ఆగకుండా తిరిగాక రెండో విడత మొదలుపెట్టండి. మీ నలభై సైకిళ్ల టైర్ సైజులు, గేర్లు ఉన్నదీ లేనిదీ జాబితా రాసి ఇక్కడ పెడితే, ఏ పది ముందు తీసుకోవాలో నేనే చూసి చెప్తాను.